నష్టానికీ చిట్టా కావాలి



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన బతికినన్నాళ్లూ పత్తి కొట్ల పద్దులు, మిర్చి కమీషన్ కొట్ల పద్దులు చూశారు. లాభం వచ్చినవాళ్లు పన్ను తగ్గించుకునే దారి అడగడానికి వచ్చేవాళ్లు. ఆయన మాత్రం నష్టపోయిన మనిషి ఎదురుగానే ఎక్కువసేపు కూర్చునేవారు. అందుకే ఈసారి నేను నష్టం గురించి మాట్లాడదామనుకున్నాను. అసలు వ్యాపారంలో వచ్చే నష్టం సంగతి కాదు. దాని పక్కన పెట్టుకున్న రెండో వ్యాపారం కలిసిరాక మూసేసినప్పుడు పన్ను చట్టం దగ్గర మనకేం మిగులుతుంది, ఏం పోతుంది అన్నదే ఈనాటి విషయం.

మన నేల మీద ఒక్క వ్యాపారంతో బతికే ఇల్లు తక్కువ. చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు, మార్టూరు, అద్దంకి ఎక్కడ చూసినా పదెకరాల రైతుకు పురుగుమందుల కొట్టుంటుంది, కమీషన్ వ్యాపారికి కారం మిల్లుంటుంది, బాగా కలిసొచ్చిన కుటుంబానికి జిన్నింగ్ మిల్లులో వాటా ఉంటుంది. ఒకప్పుడు సినిమా హాలు కూడా ఉండేది. దీన్ని దురాశ అనడం అన్యాయం. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు కలిసి పత్తిని తుడిచిపెట్టిన సంగతి ఈ సభలో చాలామందికి కళ్లారా తెలుసు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని పీకించింది. 2022 మే నెలలో 356 కిలోల దూది క్యాండీ లక్ష రూపాయలు దాటింది, ఆ తర్వాత కొన్నవాడు మునిగేలా పడింది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంత దిగజారిందంటే, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించి మార్కెట్లో జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి చోట ఒకటి పడితే ఇంకొకటి నిలబెడుతుందన్న ఆశతో రెండో వ్యాపారం పెడతాం. చిక్కేమిటంటే మన రెండో వ్యాపారం కూడా ఆ పంట మీదే ఆధారపడి ఉంటుంది. పంట పోతే రైతుగా మనం పోతాం, మన కొట్లో అరువు పెట్టిన రైతులూ పోతారు. రెండూ ఒకే ఏడాది కూలతాయి.

కొట్టు తెరవడానికి ముహూర్తం పెట్టిస్తాం, కార్డులు పంచుతాం, ఊరందరికీ స్వీట్లు పెడతాం. మూసేటప్పుడు మాత్రం ఒక రోజు షట్టర్ దించి మళ్లీ ఎత్తం. ఐపీ (దివాలా అర్జీ) పెట్టాడన్న మాట పడకూడదని నష్టాన్ని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పం. నష్టమే కదా, ఇంక రిటర్ను ఎందుకని ఆడిటరు దగ్గరికీ వెళ్లం. నేను ఈ రోజు గట్టిగా చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. పన్ను చట్టం నష్టపోయినవాణ్ణి తప్పు పట్టదు. నష్టాన్ని గడువులోపు చెప్పుకున్నవాడికి చేయూతనిస్తుంది. పరువుకు పోయి దాచుకున్నవాడి చేతిలో ఉన్న హక్కును తీసేసుకుంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కమీషన్ వ్యాపారికి ఖర్చులు పోను ఏడాదికి 20 లక్షలు మిగిలిందనుకుందాం. ఆయన సొంత పేరు మీదే ఉన్న ఎరువులు, పురుగుమందుల కొట్టులో 9 లక్షలు నష్టం వచ్చింది. 2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త విధానం శ్లాబులు. కొట్టు సంగతి ఎత్తకుండా 20 లక్షలకు పన్ను కడితే సెస్సుతో కలిపి 2,08,000 రూపాయలు. కొట్టు నష్టాన్ని అదే రిటర్నులో చూపితే నికర ఆదాయం 11 లక్షలు. రిబేటు పోగా కట్టాల్సింది సున్నా. తొమ్మిది లక్షలు పోగొట్టుకున్న మనిషి, చెప్పుకోవడానికి సిగ్గుపడి ఇంకో రెండు లక్షలు పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ ఏడాది ఆదాయంలో సర్దుబాటు కాని వ్యాపార నష్టాన్ని మరో 8 అసెస్‌మెంట్ సంవత్సరాలు ముందుకు తీసుకెళ్లవచ్చు. ఆ తర్వాతి ఏళ్లలో వ్యాపార లాభాల్లో నుంచే తీసివేయాలి. జీతంలో నుంచి మాత్రం మొదటి ఏడాది కూడా తీసివేయనివ్వరు. నష్టాన్ని ముందుకు తీసుకెళ్లడానికి ఉన్న షరతు ఒకటే: నష్టం వచ్చిన ఏడాది రిటర్ను గడువులోపు వేసి ఉండాలి. 1961 చట్టంలో 80వ సెక్షన్ చెప్పేది ఇదే. తరుగుదల కింద మిగిలిపోయిన మొత్తానికి ఈ గడువూ లేదు, ఎనిమిదేళ్ల పరిమితీ లేదు. మిల్లు పెట్టినవాళ్లు అందుకే వ్యాపార నష్టాన్నీ తరుగుదలనూ రిటర్నులో విడివిడిగా చూపించాలి.

ఈ ముందుకు తీసుకెళ్లే హక్కు మనకు మొదటి నుంచీ పూర్తిగా లేదు. 1922 చట్టం ఒకప్పుడు ఏ వ్యాపారంలో నష్టం వచ్చిందో ఆ వ్యాపారపు లాభంలోనే తీసుకోమంది. తర్వాత వేరే వ్యాపార లాభంలోనూ తీసుకోనిచ్చారు, కానీ నష్టం తెచ్చిన వ్యాపారం ఇంకా నడుస్తూ ఉండాలని 1961 చట్టం కూడా మెలిక పెట్టింది. అంటే మూసిన మిల్లును కాగితం మీదైనా బతికించి ఉంచమని చట్టమే పురిగొల్పింది. 1999 ఫైనాన్స్ చట్టం ఆ మెలికను 2000-01 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి తీసేసింది. నష్టపోతున్న కొట్టును కేవలం పన్ను కోసం నడిపించాల్సిన అవసరం ఇప్పుడు లేదు. పాతికేళ్లయినా ఈ మార్పు తెలియని వ్యాపారులు నాకు ఇప్పటికీ తగులుతుంటారు.

పురుగుమందుల కొట్టు సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. మన నేల మీద ఎక్కువగా మూతపడే పక్క వ్యాపారం నా అనుభవంలో అదే. జూలై, ఆగస్టుల్లో మందు అరువిస్తారు. ఫిబ్రవరిలో మిరపకాయ మార్కెట్ యార్డుకొచ్చి, టిక్కీలు (బస్తాలు) అమ్ముడయ్యాక డబ్బు రావాలి. అమ్మిన బిల్లు మీద 18 శాతం జీఎస్టీ మరుసటి నెలలోనే కట్టేస్తాడు కొట్టుదారు, రైతు దగ్గర నుంచి పైసా రాకముందే. పంట పోతే ఆ బాకీ రాదు. కట్టిన జీఎస్టీ కూడా తిరిగి రాదు. రాని బాకీ మీద కట్టిన పన్నును వెనక్కిచ్చే ఏర్పాటు మన జీఎస్టీలో లేదు. ఈ లోపం ప్రభుత్వం దిద్దాల్సినదని నా దృఢమైన అభిప్రాయం. ఇక షెల్ఫుల్లో గడువు తీరిన డబ్బాలుంటాయి. కంపెనీ వెనక్కి తీసుకోకపోతే వాటిని పారబోయాలి. పారబోసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను తిరిగి కట్టాలి.

ఆదాయపు పన్నులో రాని బాకీని ఖర్చుగా రాసుకోవచ్చు. ఆ బాకీ రాదని రుజువు చేయాల్సిన పని కూడా లేదు, పుస్తకంలో కొట్టేస్తే చాలని 2010లో టీఆర్ఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ కొట్టివేత వ్యాపారం నడుస్తున్న సంవత్సరంలో జరగాలి. మార్చిలో తాళం వేసి, రెండేళ్లు రైతుల ఇళ్ల చుట్టూ తిరిగి, ఇక రావని తేలాక ఆవర్జాలో (ఖాతాల పుస్తకంలో) కొట్టేస్తానంటే, ఆ వ్యాపారమే లేదు కదా అని అధికారి అడుగుతాడు. తాళం వేసే ముందు ఆవర్జా ముందేసుకుని కూర్చోవాలి. ఎవరి ఖాతా వస్తుంది, ఎవరిది రాదు అని పేరు పేరునా తేల్చుకోవాలి. రైతు మీద కోపంతో చేసే పని కాదిది. పుస్తకంలో కొట్టేసినంత మాత్రాన బాకీ మాఫీ అయినట్టూ కాదు. తర్వాత ఆ రైతు మంచి పంట పండి తెచ్చిస్తే తీసుకోవచ్చు, ఆ ఏడాది ఆదాయంగా చూపిస్తే సరి.

కొట్టు ఎవరి పేరు మీద ఉందన్నది కూడా చూడాలి. భార్య పేరు మీద పెట్టి ఉంటే నష్టం ఆమెదే. కానీ పెట్టుబడి భర్త బహుమతిగా ఇచ్చినదైతే, ఆ పెట్టుబడి మేరకు ఆదాయాన్ని భర్త ఖాతాలో కలపమంటుంది 64వ సెక్షన్. ఆ సెక్షన్‌లోనే ఆదాయమంటే నష్టం కూడా అని వివరణ ఉంది. అందరూ భయపడే ఈ నిబంధన నష్టం వచ్చిన ఏడాది భర్తకు మేలు చేస్తుంది.

ఇప్పుడు ఈ విషయంలో కీలకమైన ప్రశ్నకు వస్తాను. మీరు మూస్తున్నది ఒక వ్యాపారాన్నా, ఒకే వ్యాపారంలో ఒక భాగాన్నా? తేడా మాటల్లో చిన్నది, డబ్బుల్లో పెద్దది. మద్రాసు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన వీకమ్సీస్ కేసు మన సినిమా హాళ్ల యజమానులందరూ తెలుసుకోవాల్సినది. ఆ సంస్థది నగల వ్యాపారం. పక్కన సినిమా ప్రదర్శన మొదలుపెట్టి, హాలు కట్టడానికి అప్పు చేసింది. కొన్నాళ్లకు హాలు చేతులు మారింది, అప్పు మాత్రం మిగిలింది. ఆ అప్పు వడ్డీని నగల లాభంలో నుంచి తీసుకుంటామంటే డిపార్ట్‌మెంటు కుదరదంది. 1996లో సుప్రీంకోర్టు సంస్థ వైపు తీర్పిచ్చింది. రెండూ కలిపి ఒకే వ్యాపారం, అప్పు తెచ్చినప్పుడు వ్యాపారం కోసమే తెచ్చారు, తర్వాత ఆ భాగం మూసినంత మాత్రాన వడ్డీ స్వభావం మారదని తేల్చింది. హాలు కోసం ప్రాంసరీ నోట్ల మీద, నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చి, ఈ రోజు ఆ హాలును కల్యాణ మండపం చేసుకున్న కుటుంబాలు మన టౌన్లలో ఎన్ని లేవు!

పనివాళ్ల లెక్కకూ ఇదే వర్తిస్తుంది. 1967లో జెమిని క్యాష్యూ కేసులో, వ్యాపారం మొత్తం చేతులు మారినప్పుడు పుట్టిన పరిహారపు బాధ్యతను సుప్రీంకోర్టు ఆ వ్యాపారపు ఖర్చుగా ఒప్పుకోలేదు. తర్వాత రవీంద్రనాథన్ నాయర్ కేసులో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీని మాత్రమే బదిలీ చేసి, మిగిలిన వ్యాపారం సాగించిన యజమాని చెల్లించిన గ్రాట్యుటీని ఖర్చుగా ఒప్పుకుంది. హమాలీకి, మిల్లు కార్మికుడికి ఇవ్వాల్సినది ఇవ్వడం మన ధర్మం, అందులో రెండో మాట లేదు. ఇచ్చినదానికి పన్నులో గుర్తింపు రావాలంటే మాత్రం రెండు వ్యాపారాలూ ఒకటేనని చూపగలగాలి. ఒకే యాజమాన్యం, ఒకే పెట్టుబడి, ఒకే గుమస్తాలు, ఒకే పుస్తకాలు, ఇటు డబ్బు అటు, అటు డబ్బు ఇటు. కోర్టులు చూసేది ప్రధానంగా యాజమాన్యపు ఐక్యతను, సరుకు ఒకటేనా కాదా అన్నదాన్ని కాదు. మిర్చి, దూది వేరు వేరు సరుకులైనంత మాత్రాన వ్యాపారాలు వేరు కావు. వేరు వేరు బ్యాంకు ఖాతాలు, వేరు వేరు చిట్టాలు పెట్టుకుని చివర్లో వచ్చి ఇవి రెండూ ఒకటేనంటే నమ్మడం కష్టం.

భాగస్వామ్యం విషయంలో చట్టం కఠినం. మన జిన్నింగ్ మిల్లులు చాలావరకు బావ, బావమరిది, వియ్యంకుడు కలిసి పెట్టిన పార్ట్‌నర్‌షిప్ ఫర్ములు. 1992 దాకా రిజిస్టరైన ఫర్ము నష్టాన్ని భాగస్తులు పంచుకుని ఎవరి ఆదాయంలో వారు తీసుకునేవాళ్లు. 1993-94 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆ పద్ధతి పోయింది. ఫర్ము నష్టం ఫర్ముదే. ఫర్ము రద్దయితే ఆ నష్టం కూడా దానితో పోతుంది. భాగస్తుడు మిర్చిలో ఎంత సంపాదించినా అందులో దీన్ని తీసుకోలేడు. ఫర్ము కట్టాల్సిన పన్ను బకాయి మాత్రం భాగస్తులందరి మీదా, ఒక్కొక్కరి మీదా ఉంటుంది. సొంత పేరు మీద పెట్టి ఉంటే దక్కే 9 లక్షల నష్టం, ఫర్ము పేరు మీద పెడితే దక్కదు. పెట్టేటప్పుడు వడ్డీ, వాటా, ఎవరు గల్లా దగ్గర కూర్చోవాలన్నవే మాట్లాడుకుంటాం. మూతపడితే ఏమవుతుందో ఎవరూ అడగరు, శుభం పలకమన్నట్టు. అడగాలి.

ఇక జిన్నులు, ప్రెస్సు. పాత యంత్రాల పుస్తక విలువ 30 లక్షలు ఉంది, తుక్కు కింద 12 లక్షలు వచ్చాయనుకోండి. మిగిలిన 18 లక్షలు వ్యాపార నష్టం కాదు. 50వ సెక్షన్ ప్రకారం ఆ బ్లాకులో, అంటే ఒకే తరుగుదల రేటున్న ఆస్తుల గుంపులో, ఆస్తి ఒక్కటీ మిగలకపోతే అది స్వల్పకాలిక మూలధన నష్టం. దాన్ని మూలధన లాభంలోనే తీసుకోవాలి, మిగిలితే 8 ఏళ్లలోపు. ఏదో ఒక కాటా యంత్రం అదే బ్లాకులో మిగిల్చుకుంటే ఆ నష్టం కూడా ఇప్పుడు రాదు. ఇందులో ఒక మంచి కూడా ఉంది. మిల్లు మీ సొంత పేరు మీదే ఉండి, మీ కమీషన్ వ్యాపారంలో అదే 15 శాతం బ్లాకులో కారు, కాటా ఉంటే, బ్లాకు ఖాళీ కాదు. మిగిలిన 18 లక్షల మీద ఏటేటా తరుగుదల మీ నడుస్తున్న వ్యాపారంలోనే వస్తుంది. ఏది లాభమో తేల్చుకోకుండా తుక్కు వ్యాపారిని పిలవకండి. మిల్లు స్థలం మాత్రం తరుగుదల లేని ఆస్తి. అమ్మకపు పత్రంలో స్థలం విలువ, కట్టడం విలువ విడిగా రాయించుకోండి. కట్టడం ఎన్నేళ్లనాటిదైనా దానిమీద లాభం స్వల్పకాలికమే.

మూసిన తర్వాతా పని ఉంటుంది. వ్యాపారం ఆపిన 15 రోజుల్లో 176వ సెక్షన్ కింద అసెసింగ్ అధికారికి తెలియజేయాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దుకు ఆర్ఈజీ-16 ఫారం, రద్దయ్యాక మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను. మిగిలిన సరుకు మీద, యంత్రాల మీద తీసుకున్న క్రెడిట్‌ను అందులో లెక్కగట్టి కట్టాలి. రద్దు చేయించుకోకపోతే వ్యాపారం లేకున్నా రిటర్నులు వేస్తూనే ఉండాలి. వేయకపోతే ఆలస్య రుసుము పేరుకుంటుంది.

డిస్ట్రిబ్యూటరుతో సగానికి ఫైసలా చేసుకుంటారు కదా, ఆ విషయం మరువకండి. 8 లక్షల బాకీ 4 లక్షలకు తెగితే, మాఫీ అయిన 4 లక్షలు మీకు ఆదాయం. ఆ సరుకు ఖరీదు మీరు ముందే ఖర్చుగా రాసుకున్నారు కనుక. కొట్టు మూసి నాలుగేళ్లయినా సరే, 41వ సెక్షన్ వర్తిస్తుంది. కొట్టేసిన బాకీ తిరిగి వసూలైనా అంతే. కానీ అదే సెక్షన్ అయిదో ఉపవిభాగంలో ఒక ఊరట ఉంది, చాలామంది వాడుకోనిది. మూసిన సంవత్సరంలో వచ్చి ఎక్కడా సర్దుబాటు కాని నష్టం ఉంటే, ఈ రకమైన ఆదాయానికి ఎదురుగా దాన్ని చూపవచ్చు. దీనికి ఎనిమిదేళ్ల పరిమితి లేదు. బ్యాంకు వన్‌టైమ్ సెటిల్‌మెంట్‌లో వదిలేసిన వడ్డీని మీరు కట్టనూ లేదు, 43బి సెక్షన్ కారణంగా ఖర్చుగా పొందనూ లేదు కాబట్టి అది ఆదాయం కాదు. చేతిలో సెటిల్‌మెంట్ లెటరు జాగ్రత్త పెట్టుకోండి.

జీరో వ్యాపారం గురించి చెప్పకుండా ఈ ఊళ్లో ఈ ఉపన్యాసం పూర్తి కాదు. బిల్లు లేకుండా టిక్కీలు కొని అమ్మినవాడికి లాభం వచ్చినన్నాళ్లూ తెలివైనవాడినన్న ధీమా ఉంటుంది. ధర పడి లక్షలు పోయిన రోజున ఆ నష్టాన్ని ఏ పుస్తకంలో చూపిస్తాడు? కొన్నట్టు కాగితం లేదు, అమ్మినట్టు కాగితం లేదు. ఇలా మునిగినవాళ్లకు సాయం చేయాలని ఉన్నా ఏ ఆడిటరూ చేయలేడు. సెక్షన్ 44ఏడీ కింద 6 శాతమో 8 శాతమో లాభమని అంచనా రిటర్ను వేసిన చిన్న కొట్టుదారుకూ ఇలాంటి చిక్కే. నష్టం చూపాలంటే అందులోంచి బయటికొచ్చి పుస్తకాలు రాయాలి, ఆదాయాన్ని బట్టి ఆడిట్ కూడా చేయించాలి, అయిదేళ్లు మళ్లీ ఆ పద్ధతికి రాలేరు. కమీషన్ ఆదాయానికైతే ఆ పద్ధతి అసలే వర్తించదు.

రైతు సోదరులకు ఒక మాట. సొంత చేలో పత్తి పోయిన నష్టాన్ని కొట్టు లాభంలో తీసుకోలేరు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి దాని నష్టానికీ పన్నులో చోటు లేదు. సొంత కాయను కల్లంలో ఎండబెట్టి అమ్మడం వ్యవసాయమే. అదే కాయను కారం పట్టించి ప్యాకెట్లు అమ్మితే, కాయ మార్కెట్ ధర దాకా వ్యవసాయం, పైది వ్యాపారం. కారం మిల్లు మూస్తే ఆ పై భాగంలో వచ్చిన నష్టమే మీకు పనికొస్తుంది. దానికీ ఆ రోజు యార్డు ధర ఎంతో రాసి పెట్టుకుని ఉండాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. నేను చెప్పిన సెక్షన్ల నంబర్లన్నీ 1961 చట్టానివి, కొత్త చట్టంలో అంకెలు మారాయి. పాత చట్టం కింద మిగిలిన నష్టాలు కొత్త చట్టంలోకి వస్తాయి.

చివరగా, చెప్పడానికి కష్టమైన విషయం. 1987-88లో ఈ జిల్లాల్లో పత్తి పోయి ప్రాణాలు తీసుకున్న కుటుంబాలున్నాయి. ఆ తర్వాతా ఆగలేదు. అప్పుల్లో రైతే కాదు, అరువిచ్చిన కొట్టుదారూ పోయాడు. అలాంటి ఇంటికి నోటీసు వస్తే, ఆ ఇల్లాలు భర్త పన్ను బాకీ అంతా తన పుట్టింటివాళ్లిచ్చిన పొలం అమ్మి కట్టాలేమోనని భయపడుతుంది. అక్కర్లేదు. 159వ సెక్షన్ ప్రకారం వారసుల బాధ్యత ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే. ఆమె ఆ కొట్టును వారసత్వంగా నడుపుకుంటే, ఆయన పాత నష్టాలు ఆమెకు దక్కుతాయి. వారసత్వానికి చట్టం ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు అది. ఆయన పోయిన ఏడాది రిటర్ను ఆమె వారసురాలిగా వేయాలి. గడువు దాటిపోయిందా, నష్టం పోయినట్టే అనుకోవద్దు. 2024 అక్టోబరు 1 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులరు 11/2024 ప్రకారం, కోటి రూపాయల దాకా నష్టం క్లెయిములో జాప్యాన్ని మన్నించే అధికారం ప్రిన్సిపల్ కమిషనర్‌కు ఉంది. ఆ అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోపు అర్జీ పెట్టాలి. ఎందుకు ఆలస్యమైందో అందులో రాయాలి. భర్త పోయిన ఇంటికి అంతకన్నా సరైన కారణం ఏం కావాలి? మీ ఊళ్లో అలాంటి కుటుంబం ఉంటే ఆ కొట్టు చిట్టా, ఆవర్జా పారేయకుండా నా దగ్గరికి పంపండి. అర్జీ నేను రాస్తాను, ఫీజు లేదు.